వాతావరణ రక్షణలో నగరసభ పాత్ర: టొరాంటో చరిత్ర

పురపాలక సంఘమనగానే మంచినీటి కొళాయిలు, వీధిదీపములు, మురుగు కాలువలు, చెత్త బండ్లు జ్ఞప్తికి వచ్చును. భూగోళము వేడెక్కుట వీటితో సంబంధము లేని విషయమనియు, అది దేశాధినేతల మహాసభలలో తేలవలసినదనియు సామాన్యముగా తలంతురు. కాని భూతాపమును గూర్చి ప్రపంచ దేశములు 1992లో మొదటి ఒడంబడిక కుదుర్చుకొనుటకు రెండు సంవత్సరములు ముందుగానే, కెనడా దేశమందలి టొరాంటో నగరసభ ఒక తీర్మానము చేసెను. తమ నగరమునుండి గాలిలో కలియు బొగ్గుపులుసు వాయువును 1988 నాటి పరిమాణముకంటె నూటికి 20 వంతులు 2005 నాటికి తగ్గింపవలెనన్నదే ఆ తీర్మానము. ఇట్టి సంకల్పము చేసిన తొలి నగరముగా టొరాంటోను పేర్కొందురు. ఆ సంకల్పము ఏ విధముగా పుట్టినది, ఎంతవరకు నెరవేరినది, ఎచ్చట తప్పినది అను విషయములు చరిత్ర విద్యార్థులకును, విజ్ఞానశాస్త్ర విద్యార్థులకును కూడ పాఠములుగా ఉపకరించును.

శాస్త్రజ్ఞుల హెచ్చరిక

బొగ్గుపులుసు వాయువును నేటి పాఠ్యగ్రంథములలో కార్బన్ డయాక్సైడు అందురు. ఇది సూర్యుని వెలుతురును భూమిమీదికి రానిచ్చును. కాని వేడెక్కిన భూమినుండి తిరిగి పైకి పోవు ఉష్ణకిరణములను కొంతవరకు పట్టి ఉంచును. ఈ గుణమును బ్రిటిషు శాస్త్రజ్ఞుడు జాన్ టిండాల్ 1859లో ప్రారంభించిన ప్రయోగములచే ఋజువు చేసెను. గాలిలో ఈ వాయువు పెరిగినచో భూమి ఎంత వేడెక్కునో స్వీడను దేశస్థుడు స్వాంటె అర్హీనియస్ 1896లో చేతితోనే లెక్క కట్టెను. 1958లో అమెరికా శాస్త్రజ్ఞుడు చార్లెస్ డేవిడ్ కీలింగ్ హవాయి దీవిలోని మౌనా లోవా కొండమీద ప్రతిదినము గాలిని కొలుచుట ఆరంభించెను. అప్పుడు గాలిలోని పది లక్షల పాళ్లలో ఈ వాయువు సుమారు 315 పాళ్లు మాత్రమే ఉండెను. 1988 నాటికి అది 350 పాళ్లు దాటెను. 2024లో దాని సగటు 420 పాళ్లకు మించినది.

1988 జూన్ 27 మొదలు 30 వరకు టొరాంటో నగరములో ‘మారుచున్న వాతావరణము’ అను విషయముపై ఒక అంతర్జాతీయ సభ జరిగెను. 46 దేశములనుండి మూడువందలకు పైగా శాస్త్రజ్ఞులు, ప్రభుత్వోద్యోగులు, ఇతర ప్రతినిధులు అందులో పాల్గొనిరి. ప్రపంచ దేశములన్నియు కలిసి బొగ్గుపులుసు వాయువును 1988 నాటి మట్టమునుండి నూటికి 20 వంతులు 2005 నాటికి తగ్గింపవలెనని ఆ సభ సూచించెను. ఇది సూచన మాత్రమే. ఏ దేశమును దానికి కట్టుబడి సంతకము చేయలేదు. ప్రతినిధులు తమ తమ దేశములకు వెడలిపోయిరి. సభ జరిగిన ఊరు మాత్రము ఆ సూచనను తన సొంత లెక్కగా స్వీకరించెను. 1990 జనవరిలో నగరసభ చేసిన తీర్మానములో అదే 20 వంతుల తగ్గుదల, అదే 2005 సంవత్సరము కనిపించును.

నగరసభ చేతిలో ఉన్నవి, లేనివి

ఆ దినములలో టొరాంటో నగరము ఒక పెద్ద జనపదము నడుమనున్న చిన్న భాగము. 1991 జనాభా లెక్కల ప్రకారము దాని జనసంఖ్య సుమారు 6 లక్షల 35 వేలు. దాని చుట్టునున్న ఇతర పురములను కలుపుకొని ‘మెట్రో టొరాంటో’ అను పై సంస్థ యుండెను. దాని జనసంఖ్య సుమారు 22 లక్షల 75 వేలు.

ఇట్టి నగరసభ ఏమి చేయగలదు? విద్యుచ్ఛక్తి ఉత్పత్తి ఆంటారియో రాష్ట్ర సంస్థ చేతిలో నుండెను. మోటారు వాహనములు ఎట్లుండవలెనో నిర్ణయించునది కేంద్ర ప్రభుత్వము. పెట్రోలు ధర ప్రపంచ విపణిలో నిర్ణయమగును. కావున మంట మండు చోట్లలో అనేకము నగరసభ అధికారమునకు వెలుపల ఉండెను. అయితే ఆ మంటకు పని చెప్పు చోట్లు మాత్రము నగరములోనే ఉండెను. కార్యాలయ భవనములు, పాఠశాలలు, వీధిదీపములు, నీటి పంపులు, ట్రాములు, కొత్త ఇండ్ల నిర్మాణపు అనుమతులు, చెత్త పారవేయు స్థలములు ఇట్టివి. వీటిలో కొన్నింటికి స్థానిక సంస్థలే యజమానులు, కొన్నింటికి నియామకులు. శక్తిని పుట్టించు అధికారము లేకపోయినను, శక్తిని వ్యయపరచు తీరును మార్చు అధికారము వారికి కొంత కలదు.

ఈ విషయములో నగరమునకు పూర్వ పుణ్యము కూడ తోడ్పడెను. 1971లో నగరమును చీల్చుకొనిపోవు స్పడైనా అను మోటారు రహదారిని, పౌరుల ప్రతిఘటన ఫలితముగా, రాష్ట్ర ప్రభుత్వము నిలిపివేసెను. 1972లో ట్రాము బండ్లను తీసివేయ తలపెట్టిన రవాణా సంస్థ, ప్రజల కోరికపై వాటిని నిలుపుకొనెను. అప్పటికి బొగ్గుపులుసు వాయువును లెక్కించినవారు అచ్చట లేరు. అయినను ఉత్తర అమెరికాలోని అనేక నగరములు పోగొట్టుకొన్న విద్యుత్ ట్రాములు టొరాంటోకు దక్కెను.

గాలిని లెక్కించుట ఎట్లు?

తగ్గింపవలెనన్నచో ముందు కొలువవలెను. నగరముపై త్రాసు వ్రేలాడదీసి వాయువును తూచుట సాధ్యము కాదు. కావున కాల్చిన ఇంధనమును లెక్కించి, దానినిబట్టి వాయువును లెక్కింతురు. దీనికి విద్యార్థులు స్వయముగా చేయదగిన ఉదాహరణ ఒకటి కలదు. 250 వాట్ల వీధిదీపము రాత్రి 12 గంటలు వెలిగినచో 3 యూనిట్ల కరెంటు ఖర్చగును. దాని స్థానములో 100 వాట్ల దీపము పెట్టినచో 1.2 యూనిట్లు చాలును. ఒక రాత్రికి మిగులు 1.8 యూనిట్లు, సంవత్సరమునకు 657 యూనిట్లు. ఆ కరెంటు బొగ్గువలన పుట్టినదైనచో యూనిట్టుకు ఉరమరగా ఒక కిలో వాయువు వెలువడును. అనగా ఒక్క దీపమును మార్చుటచేత సంవత్సరమునకు ఆరున్నర క్వింటాళ్లకు పైగా బొగ్గుపులుసు వాయువు తగ్గును.

అయితే ఆ కరెంటు జలపాతమునుండి పుట్టినదైనచో దీపము మార్చినను గాలిలో తగ్గునది అత్యల్పము. ఆంటారియో రాష్ట్రములో జలవిద్యుత్తు, అణువిద్యుత్తు, బొగ్గు విద్యుత్తు మూడును కలిసి తీగలలో ప్రవహించుచుండెను. కనుక నగరపు లెక్కలో ఒక భాగము, నగరమునకు ఎంతో దూరముననున్న విద్యుత్కేంద్రములలో ఏమి కాల్చుచున్నారన్న దానిపై ఆధారపడి యుండెను. ఈ సంగతి తరువాతి కథకు ముఖ్యమైనది.

సరిహద్దుల చిక్కు ఇంకొకటి. 1998 జనవరి 1న మెట్రో సంస్థలోని ఆరు పురములను రాష్ట్ర ప్రభుత్వము ఒకే నగరముగా కలిపివేసెను. దీనితో టొరాంటో జనసంఖ్య అమాంతముగా మూడింతలు మించెను. చిన్న నగరము చేసిన ప్రతిజ్ఞను పెద్ద నగరము వారసత్వముగా స్వీకరింపవలసి వచ్చెను. పాత లెక్కను కొత్త లెక్కతో పోల్చవలెనన్నచో రెండింటి హద్దులును ఒకటిగా ఉన్నవో లేవో ముందు చూచుకొనవలెను.

జైలు పొలమునుండి పుట్టిన నిధి

తీర్మానములు కాగితముమీద మిగిలిపోవుటకు సాధారణ కారణము ధనాభావము. బడ్జెటులో సంవత్సరమునకొక మారు కేటాయించు సొమ్ము, నాయకులు మారినప్పుడెల్ల తగ్గును, హెచ్చును. ఈ సంగతి తెలిసిన నగరసభ 1991లో ఒక ఉపాయము చేసెను. నగరమునకు ఉత్తరమున లాంగ్‌స్టాఫ్ అనుచోట నగర యాజమాన్యములో ఒక పాత జైలు పొలము ఉండెను. దాని అమ్మకమువలన వచ్చిన ధనములో 2 కోట్ల 30 లక్షల డాలర్లను మూలధనముగా పెట్టి ‘టొరాంటో వాతావరణ నిధి’ అను సంస్థను స్థాపించెను. 1992లో రాష్ట్ర శాసనము దీనికి చట్టబద్ధతను కల్పించెను.

ఈ నిధి పని చేయు విధానము సులభము. మూలధనమును ఖర్చు పెట్టరు. దానిపై వచ్చు రాబడినుండి మంచి పథకములకు విరాళములిత్తురు. దీపములు, కొలుములు మార్చుట వంటి పనులకు అప్పులిత్తురు. కరెంటు బిల్లులో మిగిలిన సొమ్ముతోనే అప్పు తీరును. తీరిన సొమ్ము మరియొక పనికి పోవును. బావిలోని ఊట తోడిన కొలది ఊరునట్లు, ఒకే ధనము పలుమారులు ఉపయోగపడును. నగరపు బడ్జెటునుండి ఏటేట అడుగవలసిన పని లేకపోవుటచే, మేయర్లు మారినను నిధి నిలిచెను. 2016లో రాష్ట్ర ప్రభుత్వము మరి 1 కోటి 70 లక్షల డాలర్లు చేర్చగా, దాని పరిధి టొరాంటో చుట్టునున్న ప్రాంతములకు కూడ విస్తరించెను. 1996లో మొదలైన పెద్ద భవనముల మరమ్మతు పథకము కూడ ఈ సూత్రముపైననే నడచెను. పాత భవనములో గాలి చొరబడు సందులు మూసి, మంచి బాయిలర్లు పెట్టి, మిగిలిన ఇంధనపు ఖర్చుతో మరమ్మతుల ఖర్చు తీర్చుట దాని పద్ధతి.

చెత్తగుట్టలో చిక్కిన వాయువు

ప్రారంభ దశలో నగరమునకు లభించిన పెద్ద ఫలితము దీపములనుండి గాక చెత్తనుండి వచ్చెను. నగరమునకు ఉత్తరముననున్న వాన్ పట్టణ పరిధిలో కీల్ వ్యాలీ అనుచోట 1983లో ఒక పెద్ద చెత్త పూడిక స్థలము తెరచిరి. కూరగాయల తుక్కు, కాగితము, అన్నపు మెతుకులు మట్టి క్రింద ప్రాణవాయువు తగులకుండ కుళ్లినప్పుడు మీథేను అను వాయువు పుట్టును. నూరేండ్ల కాలమును లెక్కకు తీసికొన్నచో, ఒక కిలో మీథేను భూమిని వేడిచేయుటలో సుమారు 28 కిలోల బొగ్గుపులుసు వాయువుకు సమానము.

ఈ మీథేనును గొట్టములతో పీల్చి కాల్చినచో ఏమగును? రసాయనశాస్త్రపు లెక్క ప్రకారము 16 పాళ్ల మీథేను మండి 44 పాళ్ల బొగ్గుపులుసు వాయువుగా మారును. కాల్చక వదలిన 16 పాళ్లు 448 పాళ్ల వాయువుతో సమానమగును. కాల్చినప్పుడు 44 పాళ్లే మిగులును. అనగా వేడిచేయు శక్తిలో పదింట తొమ్మిది వంతులు తొలగిపోవును. మంటనుండి కరెంటు పుట్టుట అదనపు లాభము. కీల్ వ్యాలీలో వాయువును పట్టి, 1990 దశకము మధ్యనుండి దానితో విద్యుత్తు ఉత్పత్తి చేసిరి. స్థానిక సంస్థల సొంత కార్యకలాపముల లెక్కలో ఆ దశకములో కనిపించిన గొప్ప తగ్గుదలకు ఇదియే ముఖ్య కారణము.

ఈ కథకు రెండవ పార్శ్వము కూడ కలదు. కీల్ వ్యాలీ స్థలము 2002 డిసెంబరు ఆఖరున మూతబడెను. దూరపు గనిగుంటలో చెత్త పూడ్చవలెనన్న ఆలోచన 2000లో వీగిపోయి యుండెను. కావున టొరాంటో చెత్త సరిహద్దు దాటి అమెరికాలోని మిషిగన్ రాష్ట్రమునకు లారీలపై పోసాగెను. ఇది 2010 ఆఖరు వరకు సాగెను. ఒక ఊరి చెత్త వేరొక ఊరి నేలలో కుళ్లినను గాలి ఒక్కటే. వాయువును పట్టుట మేలే. చెత్తను పుట్టింపకుండుట అంతకంటె మేలు. ఈ ఎరుకతో నగరము వంటింటి తుక్కును వేరుగా సేకరించు ఏర్పాటును విస్తరింపజేసెను.

సరస్సు అడుగున చలువ

టొరాంటో నగరము ఆంటారియో సరస్సు ఒడ్డున ఉన్నది. సరస్సును ఆధారము చేసికొని 2004లో ఆరంభించిన చలువ పథకము భౌతికశాస్త్ర విద్యార్థులకు ఎంతో ఆసక్తికరము. నీటికి 4 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద సాంద్రత గరిష్ఠముగా ఉండునన్న సంగతి పాఠశాలలలో బోధించునదే. చలికాలములో పైనీరు చల్లబడి 4 డిగ్రీలకు రాగానే బరువెక్కి అడుగునకు దిగును. అంతకంటె చల్లబడిన నీరు తేలికయై పైననే నిలిచి మంచుగట్టును. వేసవిలో పైనీరు వెచ్చబడి తేలికయగుటచే అడుగు నీటితో కలియదు. కావున లోతైన సరస్సు అడుగున ఏడాది పొడుగునను నీరు సుమారు 4 డిగ్రీల వద్దనే నిలుచును.

నగరమునకు త్రాగునీటికై కొత్త గొట్టములు కావలసి వచ్చెను. ఒడ్డునకు చేరువలోని నీటిలో వేసవియందు పాచి పెరిగి రుచి చెడుచుండెను. అందుచే ఒడ్డునకు సుమారు 5 కిలోమీటర్ల దూరమున, 83 మీటర్ల లోతునుండి నీటిని తెచ్చు మూడు గొట్టములు వేసిరి. ఆ నీరు శుద్ధియైన పిమ్మట, కొళాయిలకు పోవుటకు ముందు ఒక పంపుల కేంద్రమును చేరును. అచ్చట పలుచని లోహపు పలకలకు ఒక ప్రక్కన సరస్సు నీరు, రెండవ ప్రక్కన కార్యాలయ భవనములనుండి వెచ్చబడి వచ్చిన నీరు ప్రవహించును. రెండు నీళ్లును కలియవు. వేడి మాత్రమే ఇటునుండి అటు మారును. చల్లబడిన నీరు తిరిగి భవనములకు పోయి గదులను చల్లబరచును. సరస్సు నీరు కొంచెము వెచ్చబడి త్రాగునీటి గొట్టములలోనికి పోవును. మామూలు శీతల యంత్రములతో పోల్చినచో చలువకు కావలసిన కరెంటు పదింట తొమ్మిది వంతులు తగ్గునని అంచనా.

ఇందు కొత్త ప్రకృతి సూత్రమేమియు లేదు. త్రాగునీటి శాఖ పనిని, భవనముల చలువ పనిని కలిపి ఆలోచించుటయే ఇందలి కొత్తదనము. ఇట్టి కలయిక చేయుటకు రాష్ట్ర రాజధానిలోని మంత్రులకంటె, ఏ వీధి క్రింద ఏ గొట్టమున్నదో తెలిసిన స్థానిక సంస్థకే అవకాశమెక్కువ.

బొగ్గు పొయ్యిలు ఆరిపోవుట

నగరసభ చేతిలో లేని విద్యుత్కేంద్రముల సంగతి ఏమాయెను? ఆంటారియోలో 2003 ప్రాంతమున కరెంటులో సుమారు నాల్గవ వంతు బొగ్గునుండి పుట్టుచుండెను. నగరమునకు పశ్చిమమున సరస్సు ఒడ్డుననే లేక్‌వ్యూ అను బొగ్గు కేంద్రముండెను. వేసవిలో నగరమును పొగమంచు కమ్ముచుండెను. కలుషితమైన గాలివలన ఏటేట సుమారు 1,700 అకాల మరణములు సంభవించుచున్నవని నగర ప్రజారోగ్య శాఖ 2004లో అంచనా వేసెను. భూతాపము రేపటి మాటగా తోచినవారికి కూడ ఈ అంకె నేటి మాటగా తోచెను. వైద్యులు, పౌరసంఘములు, పురపాలకులు బొగ్గు కేంద్రముల మూసివేతను కోరిరి.

లేక్‌వ్యూ కేంద్రము 2005 ఏప్రిల్‌లో మూతబడెను. దాని నాలుగు పొగగొట్టములను 2006లో కూల్చివేసిరి. 2014 ఏప్రిల్‌లో థండర్ బే లోని చివరి కేంద్రము బొగ్గు కాల్చుట మానెను. దీనితో రాష్ట్రమంతటను బొగ్గు విద్యుత్తు ముగిసెను. టొరాంటో లెక్కలలో తరువాత కనిపించిన గొప్ప తగ్గుదలలో పెద్ద వాటా ఈ మూసివేతదే. దీపములు మార్చిన నగరమునకును, బొగ్గు మాన్పించిన రాష్ట్రమునకును ఎవరి పాలు వారికి ఇచ్చుట న్యాయము. అయితే స్థానిక సంస్థల అంకెలు, వారి ఆరోగ్యశాఖల నివేదికలు లేనిచో రాష్ట్ర ప్రభుత్వముపై అంతటి ఒత్తిడి కలిగెడిదా యన్నదియు ఆలోచింపదగినదే.

2005: గడువు సంవత్సరము

చివరకు 1990 నాటి ప్రతిజ్ఞ గడువు వచ్చెను. సొంత భవనములు, చెత్త స్థలముల విషయములో తగ్గుదల ఘనమైనదే. కాని నగరమంతటి విషయములో 20 వంతుల ప్రతిజ్ఞ నెరవేరలేదు. ఇందుకు నిదర్శనము నగరసభయే 2007లో ఆమోదించిన కొత్త ప్రణాళిక. 1990 మట్టమునుండి 2012కు 6 వంతులు, 2020కి 30 వంతులు, 2050కి 80 వంతులు తగ్గింపవలెనని అందు నిర్ణయించిరి. 2005కే నగరమంతట 20 వంతులు తగ్గియుండినచో, 2012కు 6 వంతులన్న మెట్టు అవసరమే ఉండెడిది కాదు. లక్షలాది ఇండ్లలో సహజవాయువుతో మండు కొలుములు, వీధులలో పెరిగిన మోటారు కార్లు నగరసభ తీర్మానమునకు లోబడలేదు.

ఆ గడువు సంవత్సరమే ప్రకృతి ఒక పరీక్ష పెట్టెను. 2005 ఆగస్టు 19న కుండపోత వర్షము కురిసి బ్లాక్ క్రీక్ అను వాగు పొంగెను. ఫించ్ అవెన్యూ అను పెద్ద రోడ్డులో కొంత భాగము కొట్టుకొనిపోయెను. 2013 జూలై 8న విమానాశ్రయము వద్ద ఒక్క దినమున 126 మిల్లీమీటర్ల వాన కురిసెను. 1954 అక్టోబరులో 81 మందిని బలిగొన్న హేజల్ తుపాను నాటి ఒక దినపు వర్షపాతముకంటెను ఇది హెచ్చు. ఒక్క వానను చూపి ఇది భూతాపము వలననే వచ్చినదని చెప్పుట శాస్త్రసమ్మతము కాదు. కాని గాలి ఒక డిగ్రీ వేడెక్కినచో అది పట్టి ఉంచగల నీటి ఆవిరి సుమారు నూటికి 7 వంతులు పెరుగును. కావున భారీ వర్షములు మరింత భారీ యగుటకు అవకాశము హెచ్చును. హేజల్ తుపాను తరువాత నదీలోయలలో ఇండ్లు కట్టనీయక ఉద్యానములుగా మార్చిన నియమమే 2013లో అనేకుల ప్రాణములను కాపాడెనని తలంపవచ్చును. వాయువును తగ్గించుట ఒక బాధ్యత. మారిన వాతావరణమునకు నగరమును సిద్ధపరచుట రెండవ బాధ్యత.

పిమ్మటి యేండ్లు

నెరవేరని ప్రతిజ్ఞను చూచి నగరము ప్రయత్నము మానలేదు. 2009లో పచ్చని పైకప్పుల నిబంధన చేసెను. 2,000 చదరపు మీటర్లకు మించిన కొత్త భవనములు పైకప్పులో పరిమాణమునుబట్టి 20 నుండి 60 వంతుల మేర మొక్కలు పెంపవలెనని అందు విధించిరి. ఇట్టి నియమమును ఉత్తర అమెరికాలో మొదట చేసిన నగరము ఇదియే. 2010నుండి కొత్త కట్టడములకు హరిత ప్రమాణములను విధిగా చేసిరి. 2020కి పెట్టుకొన్న 30 వంతుల తగ్గుదలను నగరము గడువు లోపలనే దాటెను. 2021 డిసెంబరులో నగరసభ తన లక్ష్యమును మరింత ముందుకు జరిపి, 2040 నాటికి నికర ఉద్గారములు సున్న కావలెనని నిర్ణయించెను.

ఇదే కాలములో కెనడా దేశము నడచిన తీరు వేరు. క్యోటో ఒడంబడిక ప్రకారము 1990 మట్టమునుండి 6 వంతులు తగ్గింతుమని ఆ దేశము మాట ఇచ్చెను. ఆ మాట నిలువలేదు. ఉద్గారములు 1990 మట్టమును మించిపోయెను. 2011 డిసెంబరులో ఆ ఒడంబడికనుండి వైదొలగుచున్నట్లు కెనడా ప్రకటించెను. దేశము వదలిన అదే 6 వంతుల మెట్టును నగరము 2007 ప్రణాళికలో తన మొదటి మెట్టుగా పెట్టుకొని యుండుట గమనింపదగినది.

మిగిలిన పని కఠినమైనది. బొగ్గు మాన్పించుట ఒకే మారు చేయదగిన పని. దానివలన వచ్చు తగ్గుదల మరల రాదు. నేటి టొరాంటో ఉద్గారములలో సగమునకు పైగా భవనములనుండి, ముఖ్యముగా చలికాలములో ఇండ్లు వెచ్చజేయు సహజవాయువునుండి వెలువడుచున్నవి. దాని తరువాతిది రవాణా. పైగా ఇటీవల రాష్ట్రములో అణువిద్యుత్కేంద్రముల మరమ్మతుల కారణముగా సహజవాయువుతో కరెంటు పుట్టించుట పెరిగినది. అందుచే అదే దీపము, అదే ట్రాము, మరి కొంచెము హెచ్చు వాయువునకు కారణమగుచున్నవి. నగరపు లెక్క ఇప్పటికిని నగరము చేతిలో పూర్తిగా లేదు.

ఇతర నగరములకు మార్గము

టొరాంటో అనుభవము ఆ ఊరితో ఆగలేదు. 1990 సెప్టెంబరులో న్యూయార్కు నందలి ఐక్యరాజ్యసమితి భవనములో అనేక దేశముల పురపాలకులు సమావేశమై ‘ఇక్లీ’ అను స్థానిక ప్రభుత్వముల అంతర్జాతీయ మండలిని స్థాపించిరి. దాని ప్రధాన కార్యాలయమును తొలుత టొరాంటోలోనే నెలకొల్పిరి. 1991నుండి 1993 వరకు ఉత్తర అమెరికా, ఐరోపా ఖండములలోని కొన్ని నగరములు, వాటిలో టొరాంటో, పోర్ట్‌లాండ్, కోపెన్‌హేగన్, హెల్సింకీ, బొలోన్యా మొదలగునవి, కలిసి గాలి లెక్కలు వ్రాయు పద్ధతిని రూపొందించిరి. మొదట కొలుచుట, పిదప లక్ష్యము నిర్ణయించుట, ప్రణాళిక వ్రాయుట, అమలు జరుపుట, తిరిగి కొలుచుట అను అయిదు మెట్ల పద్ధతి 1993 తరువాత ప్రపంచమంతట వ్యాపించెను. ఇక్లీ దక్షిణాసియా శాఖ నేడు ఢిల్లీనుండి పనిచేయుచు భారతీయ పురపాలక సంఘములకు ఈ పద్ధతిని నేర్పుచున్నది. 2005లో లండను నగరములో 18 మహానగరముల ప్రతినిధులు చేరి మరియొక కూటమిని ప్రారంభించిరి. తరువాత ‘సి-40’ అను పేరు పొందిన ఆ కూటమికి 2008నుండి 2010 వరకు టొరాంటో మేయరు డేవిడ్ మిల్లర్ అధ్యక్షుడుగా ఉండెను.

ఈ చరిత్రనుండి తేలు సారాంశమిది. స్థానిక సంస్థ ఒక్కతే భూతాపమును ఆపజాలదు. దాని అధికారము చిన్నది, హద్దులు ఇరుకైనవి, కరెంటు పుట్టు చోటు దాని చేతిలో లేదు. కాని తన ఊరి వాయువును నిజాయితీగా లెక్కించుట, ఆ లెక్కను ప్రజలయెదుట పెట్టుట, చెత్త, నీరు, దీపము, కట్టడము అను తన నిత్యకృత్యములలోనే తగ్గుదలను వెదకుట, గడువు తప్పినప్పుడు దాచక మరల గడువు పెట్టుకొనుట దానికి సాధ్యము. టొరాంటో తీర్మానములో 20 వంతులన్న అంకె తప్పిపోయెను. లెక్క వ్రాయు అలవాటు మాత్రము నిలిచెను. ఉపాధ్యాయులు తమ పాఠశాల కరెంటు బిల్లులను ఒక సంవత్సరముపాటు విద్యార్థులచేత ఈ పద్ధతిలో లెక్క కట్టించినచో, ఒక నగరము 1990లో ఎచ్చట మొదలు పెట్టినదో వారికి స్పష్టముగా బోధపడును.